స్థలం, పద్దు, ఉపవిధి: దక్షిణ ఒడిశా పట్టణాల్లో పార్కులను చట్టం ద్వారా నిలబెట్టుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో కొత్త పార్కు కట్టడానికి డబ్బు సంపాదించడం అంత కష్టం కాదు. ఏదో ఒక పథకం కింద ప్రహరీ, నడక దారి, ఊయలలు, దీపాలు వస్తాయి, ప్రారంభోత్సవమూ జరుగుతుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నీటి మోటారు కాలిపోతే బాగు చేయించడానికి పద్దు ఉండదు, మాలికి నెలనెలా జీతం ఎవరివ్వాలో కాగితం మీద ఉండదు, ఒక మూలన ఏదో భవనం లేస్తుంటే అడ్డుకోవడానికి ఆధారం దొరకదు. కట్టడానికి పథకం చాలు గాని, నిలబెట్టుకోవడానికి చట్టం కావాలి. సరిహద్దు జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు, ఒడియా పొరుగువారితో కలిసి, తమ పట్టణంలోని పార్కులకు చట్టబద్ధమైన రక్షణను, ఏటా ఆగకుండా వచ్చే నిధిని ఎలా సాధించుకోవచ్చో ఈ వ్యాసంలో క్రమంగా వివరిస్తున్నాను.

ముందుగా స్థలం ఎవరిదో తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు చేయవలసిన ఈ పనినే చాలామంది చివరికి వాయిదా వేస్తారు. పార్కు ఉన్న ప్లాటు నంబరును ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసులో తెలుసుకుని, ఒడిశా భూరికార్డులు ఉండే భూలేఖ్ వెబ్‌సైటులో దాని ఖాతాను, కిసంను (భూమి రకాన్ని) చూడండి. ఒడిశాలో ప్రభుత్వ భూమి సాధారణంగా నాలుగు రకాల ఖాతాల్లో కనిపిస్తుంది: అబాద జోగ్య అనాబాది (సాగుకు పనికివచ్చేది), అబాద అజోగ్య అనాబాది (సాగుకు పనికిరానిది), రఖిత (ప్రత్యేకించినది), సర్వసాధారణ (అందరి వాడుకకు ఉన్నది). మీ పార్కు స్థలం మొదటి రకం ఖాతాలో ఉంటే జాగ్రత్త పడవలసిందే, ఎందుకంటే రికార్డు ప్రకారం అది సాగుకు పనికివచ్చే ఖాళీ భూమి మాత్రమే. రేపు మరొక అవసరానికి కేటాయించినా రికార్డులో అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. అటువంటప్పుడు 1962 నాటి ఒడిశా ప్రభుత్వ భూముల పరిష్కార చట్టం కింద ఆ స్థలాన్ని ప్రజోపయోగానికి ప్రత్యేకించమని తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తును మునిసిపాలిటీ చేతనే పెట్టించగలిగితే బలం ఎక్కువ.

లేఅవుటులో వదిలిన ఖాళీ స్థలమైతే, ఆమోదం పొందిన ప్లానులో దాన్ని పార్కుగా చూపారా, దానిని పట్టణ సంస్థకు దస్తావేజు ద్వారా అప్పగించారా అన్న రెండు విషయాలనూ చూడాలి. ప్లానులో చూపి అప్పగించకుండా వదిలేసిన స్థలాలకే ముప్పు ఎక్కువ. బరంపురం పరిసరాల్లో ఈ ప్లాన్లు 1982 నాటి ఒడిశా అభివృద్ధి ప్రాధికార సంస్థల చట్టం కింద ఏర్పడిన సంస్థ దగ్గర ఉంటాయి.

స్థలంలో ఇప్పటికే కొన్ని పేద కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉంటే, ఆక్రమణ అని వెంటనే ఫిర్యాదు చేయకండి. 2017లో ఒడిశా చేసిన మురికివాడల నివాసుల భూహక్కుల చట్టం వారికి కొన్ని హక్కులు ఇచ్చింది. ఆ హక్కులు తేలకముందే పార్కు పేరుతో వారిని కదిలించడం చట్టరీత్యా తగదు, ధర్మమూ కాదు.

మీ పట్టణానికి ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి

రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండవ షెడ్యూలులో ఉన్న 18 అంశాల్లో పన్నెండవది పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాల కల్పన. కాబట్టి పార్కుల బాధ్యత పట్టణ సంస్థలకు అప్పగించదగినదని రాజ్యాంగమే గుర్తించింది. అయితే ఆ బాధ్యతకు కాళ్ళూ చేతులూ ఇచ్చేది రాష్ట్ర చట్టం. బరంపురం నగరపాలక సంస్థకు 2003 నాటి ఒడిశా మునిసిపల్ కార్పొరేషన్ చట్టం వర్తిస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి మునిసిపాలిటీలకూ, కాశీనగర్, గుడారి, గోపాలపురం వంటి ఎన్.ఎ.సి.లకూ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళకూ) 1950 నాటి ఒడిశా మునిసిపల్ చట్టం వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పూర్వపు కోరాపుట్ జిల్లా అంతా, అంటే నేటి కోరాపుట్, రాయగడ, నవరంగపుర్, మల్కనగిరి జిల్లాలు, రాజ్యాంగ ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. 243-జడ్‌సి అధికరణం ప్రకారం పట్టణ సంస్థలకు సంబంధించిన రాజ్యాంగ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతట అది వర్తించదు. అందువల్ల రాయగడ లేదా జయపురం వారు తమ అర్జీలో పన్నెండవ షెడ్యూలును మాత్రమే ఆధారంగా చూపకుండా, 1950 నాటి రాష్ట్ర చట్టాన్ని ముందు పెట్టాలి. బరంపురం, పర్లాకిమిడి వారు రెండింటినీ చూపవచ్చు. బరంపురం జనాభా 2011 లెక్కల ప్రకారమే 3 లక్షలు దాటింది కనుక 243-ఎస్ అధికరణం కింద వార్డు కమిటీలు ఉండాలన్న వాదనకూ అక్కడి వారికి హక్కు ఉంది.

నిర్వహణకు ఎంత కావాలో మీరే లెక్క వేయండి

పద్దు అడిగేవారి చేతిలో లెక్క ఉండాలి. ఒక మాలి, పగలూ రాత్రీ కాపలావారు, పాయిఖానాలు శుభ్రం చేసేవారు ఎందరు కావాలో రాసి, ఒడిశా ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనంతో గుణించండి. కరెంటు బిల్లు, నీరు, ఎరువు, ఊయలల మరమ్మతు, ఏటా చనిపోయే మొక్కల స్థానంలో నాటవలసినవి అన్నీ కలపండి. గంజాం, గజపతి జిల్లాల వారు దీనికి తుఫాను నిల్వ అనే మరొక పద్దు తప్పక చేర్చాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడూ ఈ జిల్లాల్లో చెట్లు ఎలా కూలాయో చూసినవారికి దీని అవసరం వివరించి చెప్పనక్కరలేదు. కూలిన చెట్లు తొలగించడానికి, ప్రహరీ తిరిగి కట్టడానికి నిధి ముందుగానే లేకపోతే, ఆ పార్కు నెలల తరబడి తాళం వేసే ఉంటుంది, తాళం వేసి ఉన్న చోటే ఆక్రమణ మొదలవుతుంది.

ఉపవిధి ముసాయిదా రాయండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. ఉపవిధి అంటే పట్టణ సంస్థ చట్టం కింద తన పరిధికి చేసుకునే నియమావళి (బైలా). కౌన్సిల్ తీర్మానం ఒక్కటే ఉంటే వచ్చే కౌన్సిల్ దానిని మరొక తీర్మానంతో తీసివేయగలదు. ప్రభుత్వ ఆమోదం పొంది ప్రకటితమైన ఉపవిధిని మార్చాలంటే మళ్ళీ ఆ దారి అంతా నడవాలి. పైగా ఒడిశా పట్టణ సంస్థలకు 2022 మార్చిలో ఎన్నికలు జరగడానికి ముందు కొంతకాలం పాలన అధికారుల చేతిలోనే నడిచింది. ఎన్నికైన సభ్యులు లేని కాలంలో కూడా పార్కును కాపాడేది ఇటువంటి రాతపూర్వకమైన నియమమే.

ముసాయిదాలో అనుబంధంగా పట్టణంలోని ప్రతి పార్కు పేరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉండాలి. జాబితాలో లేని పార్కుకు రక్షణ ఉండదు కనుక చిన్న వీధి తోటను కూడా విడిచిపెట్టవద్దు. తర్వాత నిధి నియమం రాయాలి. దాని వాక్యం ఈ విధంగా ఉండవచ్చు: "ప్రతి ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో సంస్థ సొంత ఆదాయం నుంచి నిర్ణీత శాతానికి తగ్గకుండా పార్కుల నిధికి కేటాయించవలెను, ఆ నిధిని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచవలెను, పార్కుల నిర్వహణ, మరమ్మతు, తుఫాను నష్టాల పునరుద్ధరణకు తప్ప మరి దేనికీ వాడరాదు, సంవత్సరాంతమున మిగిలిన మొత్తము మరుసటి సంవత్సరపు నిధిలో చేరవలెను." ఈ చివరి వాక్యం ఎంతో ముఖ్యం. మిగిలిన డబ్బు సాధారణ ఖాతాలో కలిసిపోతుందంటే మార్చి నెలలో అనవసరమైన సిమెంటు పనులు పుట్టుకొస్తాయి.

శాతం ఎంత ఉండాలన్నది మీ లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆదర్శం కావాలంటే ఒక తెలుగు రాష్ట్రాన్ని చూపండి. తెలంగాణ 2019లో చేసిన మునిసిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని ఆదేశించింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న బాధ్యతను కూడా వార్డు సభ్యుల మీద పెట్టింది. ఆ మొక్కల నియమాన్ని యథాతథంగా తీసుకోవాలని నేను అనను, ఎందుకంటే సంఖ్య కోసం నాటడం, నీడ కోసం పెంచడం ఒకటి కావు. కానీ బడ్జెట్ శాతాన్ని చట్టంలోనే రాయడం అనుసరించదగిన పద్ధతి.

పార్కులో కట్టడాలు విస్తీర్ణంలో నూటికి ఐదుకు మించరాదని, అవి కూడా పాయిఖానా, పనిముట్ల గది, తాగునీటి ఏర్పాటు వంటివే కావాలని రాయండి. కల్యాణ మండపం, దుకాణ సముదాయం, సెల్ టవర్ పేర్లు ప్రత్యేకంగా పేర్కొని నిషేధించండి. పేరు రాయకపోతే ప్రతిదీ ప్రజాసౌకర్యమే అన్న వాదన వస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

హోల్డింగ్ ట్యాక్సు (ఇళ్ళ, స్థలాల పన్ను) వంటి సొంత ఆదాయమే పార్కు నిర్వహణకు నమ్మకమైన ఆధారం, మిగిలినవన్నీ దానికి తోడు మాత్రమే. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 40 శాతాన్ని స్థానిక అవసరాలకు విడిచిపెట్టి, 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టివేసింది. ఆ 40 శాతాన్ని కూడా జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదు. 2026 ఏప్రిల్‌తో 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది గనుక, ముసాయిదాలో గ్రాంటుల ప్రస్తావన చేసేముందు తాజా మార్గదర్శకాలను పట్టణ సంస్థ లెక్కల విభాగంలో అడిగి చూడండి.

కేంద్ర పథకాల్లో 2015 నాటి అమృత్ పార్కులకు 2.5 శాతం వరకు కేటాయించే వీలు కల్పించింది, ఆ పథకంలో బరంపురం ఉంది. 2021 అక్టోబరు 1న మొదలైన రెండవ అమృత్ అన్ని చట్టబద్ధ పట్టణాలకూ వర్తించేలా వచ్చింది కనుక, అది ఇంకా కొనసాగుతోందో లేదో అడిగి చూసి, చిన్న మునిసిపాలిటీల వారు కూడా చెరువు పునరుద్ధరణతో కలిపి పార్కును ప్రతిపాదించవచ్చు. బరంపురంలో రామలింగం చెరువు దగ్గరలాగా చెరువునూ తోటనూ కలిపి చూసే అలవాటు మన పట్టణాలకు ఉన్నదే. పార్లమెంటు సభ్యుల స్థానిక అభివృద్ధి నిధి ఏటా 5 కోట్ల రూపాయలు, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఈ రెండింటినీ ఒకసారి చేసే పనులకు, అంటే బోరుబావికో ప్రహరీకో అడగండి, జీతాలకు అడగవద్దు. కంపెనీ డబ్బు ఇచ్చిందని పార్కు పేరునూ గేటునూ దానికి అప్పగించే ఒప్పందం మీద సంతకం కానీయకండి.

ప్రవేశ రుసుము విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఉదయపు నడకకు వచ్చేవారికి, పిల్లలకు, వృద్ధులకు పార్కు ఉచితంగా ఉండాలి. వాహనాల నిలుపుదల, పడవ విహారం, ఫుడ్ స్టాళ్ళ అద్దె వంటి వాటిపై ఉపవిధిలో నిర్ణయించిన రుసుము తీసుకోవచ్చు. కానీ కాలనీ సంఘం తానుగా ఇంటింటికీ తప్పనిసరి చందా విధించడానికి వీలు లేదు. చట్టాధికారం లేకుండా పన్ను విధించరాదని రాజ్యాంగ 265వ అధికరణం చెబుతోంది. ఇష్టపూర్వకమైన విరాళం తీసుకుంటే రసీదు ఇచ్చి, పార్కుల నిధి ఖాతాలోనే జమ చేయించండి.

కౌన్సిల్ ముందుకు తీసుకువెళ్ళడం

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కనుక, బడ్జెట్‌లో చోటు కావాలంటే దసరా వెళ్ళగానే పని మొదలుపెట్టాలి. ముందుగా కార్పొరేటరును లేదా కౌన్సిలరును ఇంటికి వెళ్ళి కలిసి, లెక్కను చూపి, ఉపవిధి ముసాయిదా ప్రతిని ఇవ్వండి. తర్వాత చైర్‌పర్సన్ లేదా మేయరుకు, ఇ.ఓ. (ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు) లేదా కమిషనరుకు అర్జీ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. వార్డుకు ఒకరు చొప్పున ముగ్గురు నలుగురు సభ్యులు కలిసి ప్రతిపాదిస్తే, ఒక వీధి వారి కోరికగా కాక పట్టణ అవసరంగా అది కనిపిస్తుంది.

భాష విషయంలో సంకోచించనక్కరలేదు. ఏ వినతిపత్రాన్నైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు రాజ్యాంగ 350వ అధికరణం ఇచ్చింది, కాబట్టి అర్జీ తెలుగులో రాయవచ్చు. అయినా ఒడియా ప్రతిని కూడా జతచేయడం మంచిది. ఫైలు చూసే గుమస్తాకు పని తేలికవుతుంది, పార్కు అందరిదీ అన్న మాటా తేటపడుతుంది. సంతకాల్లో ఒడియా, తెలుగు, ఆదివాసీ కుటుంబాలన్నీ ఉండాలి. స్థానికంగా కదలిక లేకపోతే కలెక్టరు, ఎస్పీలు కలిసి నిర్వహించే జాయింట్ గ్రీవెన్స్‌లోనూ (ఫిర్యాదుల విచారణలోనూ), రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన జనసునాణి పోర్టల్‌లోనూ నమోదు చేయండి.

ఇప్పటివరకు పార్కులకు ఎంత కేటాయించి ఎంత ఖర్చు చేశారో తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో నిర్ణీత నమూనా అయిన 'ఫారం ఎ'లో రాసి, గుర్తింపు పత్రం జతచేసి, 10 రూపాయల రుసుము చెల్లించాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. 1948 నాటి స్థానిక నిధుల ఆడిట్ చట్టం కింద జరిగిన ఆడిట్ నివేదికల నకళ్ళను కూడా అందులోనే అడగండి. దారి మళ్ళిన డబ్బు జాడ దొరికే అవకాశం వాటిలోనే ఎక్కువ.

నిర్వహణ కమిటీ

ఉపవిధిలోనే ప్రతి పార్కుకూ ఒక కమిటీని ఏర్పాటు చేయండి. అందులో వార్డు సభ్యుడు, సంస్థ ఇంజనీరు, చుట్టుపక్కల నివాసులు, రోజూ వచ్చే స్త్రీలలో ఇద్దరు, గేటు దగ్గర అమ్ముకునే చిరువ్యాపారుల ప్రతినిధి ఉండాలి. రోజువారీ పనిని మిషన్ శక్తి మహిళా సంఘాలకు అప్పగించడం మంచిదని నా నమ్మకం. వారు ఆ వార్డు వారే అయి ఉంటారు, పిల్లలు ఆడుకునే చోటు పట్ల శ్రద్ధ ఉంటుంది, వేతనం కూడా ఊరి కుటుంబాలకే చేరుతుంది. మూడు నెలలకొకసారి జమాఖర్చును గేటు దగ్గరి బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలన్న నియమం పెట్టండి.

ముంతమసాలా, గుప్‌చుప్ బళ్ళ వారిని గేటు దగ్గర నుంచి తరిమేయడం నిర్వహణ కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద పట్టణ వ్యాపార కమిటీ ఉండాలి, దాని సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. బళ్ళు ఎక్కడ నిలవాలో ఆ కమిటీతో మాట్లాడి నిర్ణయించండి.

రాష్ట్ర చట్టం కోసం

పట్టణాల వారీగా ఉపవిధులు సాధించినా, అన్ని పట్టణాలకూ ఒకే రక్షణ కావాలంటే శాసనసభ చేసే చట్టం అవసరం. మద్రాసు రాష్ట్రం 1959లో పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణకు ఒక చట్టం చేసింది. కర్ణాటక 1985లో అటువంటిదే చేసింది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1నే మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరాయి కనుక 1959 చట్టం ఇక్కడికి రాలేదు. ఆ చట్టంలోని ముఖ్యమైన పద్ధతి ఇది: స్థానిక సంస్థ తన పరిధిలోని పార్కులన్నిటి జాబితాను తయారు చేసి ప్రభుత్వానికి పంపాలి, ఆమోదం పొంది ప్రకటితమైన తర్వాత ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని మరొక పనికి వాడరాదు.

ఇటువంటి బిల్లు కోసం మీ ఎమ్మెల్యేను కలిసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. రాష్ట్ర సంఘటిత నిధి నుంచి ఖర్చు అయ్యే బిల్లును సభ ఆమోదించాలంటే 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు కావాలి, అంటే ప్రభుత్వ మద్దతు లేని బిల్లు ముందుకు సాగడం కష్టం. కానీ స్థానిక సంస్థ తన అవసరాలకు పన్ను వేసుకునే వీలు కల్పించడం వల్ల మాత్రమే ఒక బిల్లు ద్రవ్య బిల్లు కాదని 199వ అధికరణం రెండవ క్లాజు చెబుతోంది. కాబట్టి రాష్ట్ర ఖజానాను ముట్టకుండా, పట్టణ సంస్థలకు అధికారమూ బాధ్యతా ఇచ్చే రీతిలో బిల్లును కోరడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

ఉల్లంఘన జరిగితే

పార్కులో కట్టడం మొదలైందని తెలిసిన రోజే ఫోటోలు తీసి, తేదీతో సహా కమిషనరుకూ తహసీల్దారుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రభుత్వ భూమి ఆక్రమణ అయితే 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టం కింద చర్య కోరండి. పని ఆగకపోతే కటక్‌లోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. బెంగళూరులో పార్కుకు ప్రత్యేకించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది, దానిని ప్రశ్నించే హక్కు ఆ కాలనీ నివాసులకు ఉందని గుర్తించింది. లక్నోలోని ఒక పాత పార్కు కింద కట్టిన దుకాణ సముదాయాన్ని తొలగించి పార్కును తిరిగి నెలకొల్పమని 1999లో ఆదేశించింది. ఈ రెండు తీర్పులనూ మీ న్యాయవాదికి చెప్పండి. రిట్‌తో పాటు భూలేఖ్ నకలు, ఆమోదిత ప్లాను, ఉపవిధి ప్రతి, ముద్ర వేయించుకున్న అర్జీలు, సమాచార హక్కు జవాబులు తేదీల వరుసలో జతచేయవలసి ఉంటుంది. అందుచేత మొదటి రోజు నుంచే వాటిని ఒక ఫైలులో భద్రపరచి, రెండవ ప్రతిని కమిటీలో మరొకరి ఇంట ఉంచండి.